లేడన్న మాట

గోపన్‌పల్లి,
10 నవంబర్ 2024

బావా,

కవరు చింపంగనే భయపడకు. అందరం మంచిగనే ఉన్నం. నేను బెన్నీని. తొమ్మిదో తరగతి పరీక్షల తెల్లకాయితం ఇచ్చి బైటికొచ్చినంక మళ్ల పెన్ను పట్టింది ఇదే. రాత కోడి గెలికినట్టున్నదని నవ్వకు.

అక్క ఫోన్ ఎత్తుతలేదని నువ్వు పరేషాన్ల ఉంటవని రాస్తున్న. మీ జైలోళ్ల దగ్గర రాసిచ్చిన నంబరు అక్కదొక్కటే, నాకు నువ్వు చెయ్యలేవు. ములాఖత్‌కు గూడ వచ్చిన బావ, నీకు తెల్వదు. నా ఆధార్ కార్డుల బెన్నీ అని కాదు, బన్ని అని పడ్డది. గేటు కాడ సారు “ప్రభుదాస్ నీకేమైతడు” అన్నడు. బామ్మర్దినన్న. “కాయితంల యాడుంది” అన్నడు. బామ్మర్దికి గూడ కాయితం ఉంటదా? వాపస్ వచ్చిన.

అక్క ఇప్పుడు మాదాపూర్ల ఒక ఆఫీసుల హౌస్ కీపింగ్ చేస్తున్నది. లోపటికి పోతే ఫోన్ లాకర్ల పెట్టాలె. అందుకే ఎత్తదేమో. కోపమైతే కాదు, కోపముంటే నన్ను తిట్టేది.

పాత ఇల్లు జూన్ల ఖాళీ చేసినం. ఆడ అందరికి నీ కేసు తెల్సు. తాగి కారు నడిపి మనిషిని చంపినోని పెండ్లామని నల్లా కాడ అక్క బిందెను కాలుతోని పక్కకు జరిపేటోళ్లు. ఈడ ఎవ్వరికి తెల్వదు. చర్చి వెనక రేకుల గది ఇచ్చిన్రు, కిరాయి అడుగుతలేరు. సంఘంల సగం మంది ఆంధ్రోళ్లు, సాఫ్ట్‌వేరోళ్లు. పాస్టరమ్మ మార్తమ్మ గారైతే అక్కను కన్నబిడ్డ లెక్క చూస్తది. పింకీని వాళ్ల బడిలనే ఒకటో తరగతిల వేసిన్రు. గింత మంచిగ ఎందుకు చూస్తున్నరో నాకు సమజ్ కాలే.

నేను మల్ల పని మారిన. ఇప్పుడు కోకాపేట టవర్లకు తాడుతోని వేలాడి అద్దాలు కడుగుతున్న. అది తెలిసి యూత్ లీడరు అవినాష్ అన్న “తమ్ముడూ, ఎత్తు ఎక్కుతావంటగా” అన్నడు. ఇగ అంతే. ఇంటింటికి నక్షత్రాలు కట్టుడు, లైట్లు గుంజుడు, మైకు సెట్టు మోసుడు, అన్ని నా నెత్తి మీదనే. తిడుతనే చేస్తున్న గని, బావా, మంచిగనే అనిపిస్తుంది. ఒక్క తాన కాలు నిలవనోణ్ని, వరుసగ నాలుగు ఆదివారాలు పోయిన.

పింకీ క్రిస్మస్ నాటకంల దేవదూత. అట్టతోని రెక్కలు చేస్తున్న.

డిసెంబర్ల విడుదలైతవని వకీలు అన్నడు. తారీఖు రాయి. పండుగకు నువ్వు ఇంట్ల ఉండాలె.

పైలం.
నీ బామ్మర్ది బెన్నీ


జైలు నుంచి,
17 నవంబర్ 2024

ఒరేయ్ బన్నిగా,

ఇకనుంచి నిన్ను ఇలాగే పిలుస్తా. ప్రభుత్వం పెట్టిన పేరు కాదంటే ఎలా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ రాత అర్థం కాక, రెండోసారి అర్థమై, మూడోసారి ఊరికే. వంటశాలలో నాకు పప్పు కలిపే పని. గరిటె పక్కన పెట్టి చదువుతుంటే పప్పు అడుగంటింది. అందరూ తిట్టుకుంటూ తిన్నారు.

తారీఖు చెప్పేశారురా. డిసెంబర్ ఇరవై మూడు. మంచిగా ఉన్నానని శిక్ష కాస్త తగ్గించారు. క్రిస్మస్‌కి ఇంట్లో ఉంటా. ఇంట్లో అని రాస్తుంటేనే చెయ్యి ఆగిపోతోంది. గేటు దగ్గరికి మాత్రం ఎవరూ రావద్దు. ఇక్కణ్ణుంచి బయటికొచ్చే మొహాన్ని మీ అక్క చూడకూడదు. స్నానం చేసి, గడ్డం గీయించుకుని నేనే వస్తా.

నాకున్నది ఒకటే కోరిక. క్రిస్మస్ రోజు ఆరాధనలో మీ అక్కతో కలిసి కూర్చోవాలి. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు అయినా సరే. ఒక కప్పు కింద ఉంటే చాలు. ఈ మూడేళ్లూ ఆ ఒక్కటే తలుచుకుంటూ పడుకున్నా.

మీ పాస్టరు గారికి చెప్పి నా పేరు మీద ప్రార్థన చేయించు. ఆఖరి రోజుల్లో ఏ గొడవా లేకుండా బయటపడాలని. ఎక్కడున్నానో చెప్పకు. ప్రభుదాస్ కోసం అంటే చాలు, దేవుడికి చిరునామా తెలుసు.

ఫోన్ లాకర్లో పెట్టే సంగతి మీ అక్క నాకెందుకు చెప్పలేదో. ఆదివారం కూడా లాకర్లోనే ఉంటుందా?

పింకీకి ముద్దులు. రెక్కలు గట్టిగా కుట్టు, ఎగిరిపోతుంది.

ప్రేమతో,
మీ బావ


గోపన్‌పల్లి,
1 డిసెంబర్ 2024

బావా,

ఎట్ల రాయాల్నో తెల్వక రెండు కాయితాలు చింపిన. నవ్వాల్నో ఏడ్వాల్నో చదివినంక నువ్వే చెప్పు.

నువ్వు చెప్పినట్టే ప్రార్థన అడుగుదామని, పాస్టరు గారు దొరకక అవినాష్ అన్న కాడికి పోయిన. క్యారల్స్ ప్రాక్టీసు అయిపోయి అందరు చాయ్ తాగుతున్నరు. “అన్నా, మా బావ ప్రభుదాస్ కోసం ప్రార్థన చెయ్యాలె” అన్న. అన్న నా దిక్కు ఒక తీరుగ చూసి భుజం మీద చెయ్యేసిండు.

“తమ్ముడూ, నీ బాధ నాకర్థమవుతుంది. కానీ పోయినవాళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం. వాక్యానుసారం కాదు. ఉన్నవాళ్ల కోసం చేద్దాం. మీ అక్క కోసం, పాప కోసం.”

“ఎవరు పోయిన్రన్నా?”

“మీ బావగారు.”

“ఏడికి పోయిండు?”

“ప్రభువు దగ్గరికి.”

బావా, జైలోళ్లు నాకు చెప్పకుండ వీళ్లకు చెప్పిన్రా అనుకున్న. జేబుల నీ ఉత్తరముంది. తీసి తారీఖు చూస్తె గని పానం కుదురుకోలే. అన్న నీళ్లు తెచ్చిచ్చిండు. నేను బాధల ఉన్ననని ఇంకొక చాయ్ గూడ ఇప్పిచ్చిండు.

ఇంటికొచ్చి అక్కను అడిగిన. “బావ సచ్చిండని చెప్పినవా?”

అక్క బియ్యం ఏరుతున్నది. తల ఎత్తలే. “నేనెప్పుడన్న? మొదటిసారి వచ్చినప్పుడు అమ్మగారు ‘మీ ఆయన ఏరమ్మా’ అన్నది. లేడండి అన్న. ఉన్నడా మరి?”

అంతే బావ, అంతే జరిగింది. లేడు అన్నది. ఊర్ల లేడు, ఇంట్ల లేడు అన్నట్టు. నీ వకీలు కోసం పుస్తెలు అమ్మినంక అక్క మెడ బోసిగున్నది కదా. మార్తమ్మ గారు మాట విన్నది, మెడ చూసింది, కావలించుకొని ఏడ్చింది. అక్కను మూడేండ్ల నుంచి ఎవరు కావలించుకోలే, అది గూడ ఏడ్చింది. ఇంక సమజ్ కాకుండ ఉంటదా? గది ఎందుకిచ్చిన్రు, బడిల ఎందుకు వేసిన్రు, నాకిప్పుడు సమజైంది.

నువ్వు ఫికర్ చెయ్యకు. ఒక్క మాటతోని అయిన లొల్లి, ఒక్క మాటతోని పోతది. మోకా చూసి మార్తమ్మ గారికి నేనే చెప్త.

అక్క అయితే బిజీ. ఆఫీసు కాడికెల్లి ప్రాక్టీసుకు అవినాష్ అన్ననే కార్ల ఎక్కించుకొస్తడు. పాటల అక్క గొంతు మస్తున్నదని అందరు అంటున్నరు. నువ్వెప్పుడన్న విన్నవా? నేనైతే వినలే.

బెన్నీ


జైలు నుంచి,
6 డిసెంబర్ 2024

బెన్నీ,

మొదట నవ్వానురా. పక్కవాడికి చదివి వినిపించాను. “చచ్చినోడివి ఇంకా పప్పు కలుపుతున్నావేంటి” అని మధ్యాహ్నం దాకా ఏడిపించారు. సాయంత్రం వరసలో నిలబడ్డప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

మా వైపు కూడా లేడంటే అదే అర్థం. మీ అక్కకి తెలియదా? తప్పు అర్థం చేసుకున్నారని తెలిసిన క్షణంలో కాదు అనొచ్చుగా. జూన్ నుంచి డిసెంబర్ దాకా ఎన్ని ఆదివారాలు వచ్చాయి? ఒక్క ఆదివారం కూడా నేను బతకలేదా?

ఆ అవినాష్ ఎవడు? పెళ్లయిందా? మీ అక్క పాడుతుందని నాకు తెలియదు. నా దగ్గర ఎప్పుడూ పాడలేదు. వాడి కార్లో వచ్చేటప్పుడు పాడుతుందా? ఫోన్ ఎత్తకపోవడానికి లాకర్ కారణం కాదని నాకు ముందే తెలుసు, నువ్వే పిచ్చోడివి. నేను చచ్చిపోతే ఎవరికి వీలుగా ఉంటుందో వాళ్లనడుగు.

ఇలా రాయకూడదనుకున్నాను. రాసేశాను. చింపితే ఇంకో కాయితం ఇవ్వరు.

జైలని చెప్పొద్దు. ఏదో ఊళ్లో డ్యూటీలో ఉన్నాడు, కబురు లేక అలా అనుకున్నాం, ఇప్పుడు వస్తున్నాడు అని చెప్పు. నేను వచ్చేలోపు చెప్పు. ఇది ఒక్కటి చేసిపెట్టు నాకు.

ప్రభుదాస్


గోపన్‌పల్లి,
16 డిసెంబర్ 2024

బావా,

మొదలు నిన్ను తిట్టి తర్వాత సంగతి చెప్త. అవినాష్ అన్న కార్ల ముందర సీట్ల ఆయన భార్య కళ్యాణి వదిన కూసుంటది. ఎనక నలుగురు ఆడోళ్లు, డోలకు, అక్క. అక్క ఒడిల డోలకుంటది. సిగ్గు లేదా నీకు?

నిన్న చర్చిల పండుగకు ముందు చేసే సెమీ క్రిస్మస్. పొద్దుగాలనే మార్తమ్మ గారికి చెప్పాలని పోయిన. ఆమె చీరల పెట్టెలు విప్పుతున్నది. “వచ్చావా నాయనా, ఈ పెట్టెలు స్టేజీ మీదికి ఎక్కించు” అన్నది. “అమ్మగారూ, అక్క సంగతి ఒకటి చెప్పాలె” అన్న. “అక్కకి ఏం చీర తీశానో చూడు” అని ఒక నీలం చీర తీసి చూపిచ్చింది. “అందరికీ ఒకటే రకం, మీ అక్కకి మాత్రం నేను విడిగా కొన్నా. ఎవరికీ చెప్పకేం.” ఇగ పెట్టెలు ఎత్తుకొని స్టేజీ మీదికి పోయిన బావ.

ఆ చీరలు ఎవరికో తెల్సా? ప్రతి ఏడు క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు పెడ్తరంట. మధ్యాహ్నం మైకుల ఒక్కొక్క పేరు పిలుస్తున్నరు. నేను పక్క పొంటి నిలబడి పెట్టెల నుంచి చీర తీసి అందిస్తున్న. ముసలోళ్లందరు అయిపోయినంక “సహోదరి ప్రశాంతి” అన్నరు. నేను అక్క దిక్కు చూసిన. లేవకు, లేవకు అని కండ్లతోని చెప్పిన. అక్క నన్ను చూసింది. కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. లేచి నడుచుకుంట వచ్చింది. చీర నా చేతుల నుంచే పోయింది.

సాయంత్రం నాటకం. పింకీ ఒక్క మాట తప్పు పోకుండ చెప్పింది. కళ్యాణి వదిన మైకుల “తండ్రి లేకపోయినా ఈ పాప ఎంత ధైర్యంగా చెప్పిందో చూశారా” అన్నది. అందరు సప్పట్లు. రాత్రి బువ్వ తినుకుంట పింకీ నన్ను అడిగింది, “మామా, పరలోకంల నాయిన డ్యూటీ ఎప్పుడైపోతది?” అక్క డ్యూటీ అని చెప్పింది, సండే స్కూల్ల పరలోకమని చెప్పిన్రు. పోరి రెండు కలిపి పెట్టుకున్నది.

పింకీ పండుకున్నంక నేను అక్క మీద ఎగిరిన. ఎందుకు లేచినవన్న.

“కూసుంటే ఏమని కూసోవాలె? మా ఆయన జైల్ల ఉన్నడని మైకుల చెప్పాల్నా?”

“జైల్ల ఉన్నోళ్లను చూడమని గూడ వాక్యంల ఉన్నదంట కదా. పాస్టరు గారే చెప్పిండు.”

“జైలోణ్ని చూడమన్నరు. జైలోని పెండ్లాన్ని చూడమన్నరా? ఒక్క తావున ఉంటే చూపియ్యి. విధవరాండ్రనైతే పేజీ పేజీల చూడమన్నరు.”

“మార్తమ్మ గారు వెళ్లగొడ్తదా తెలిస్తే?”

“వెళ్లగొట్టది. ఉండమంటది. గని చూసే చూపు మారుతది. వెళ్లగొడితే నయం.”

“బావ ఇరవై మూడుకు వస్తుండు. రమ్మంటవా, వద్దంటవా? ఒక్క మాట చెప్పు.”

పింకీ మీద దుప్పటి సర్దింది బావ. తర్వాత అన్నది: “రాకపోతే పింకీకి నాయిన లేడు. వస్తే ఈ గది లేదు, బడి లేదు, నాకు అమ్మగారు లేదు. ఆయన మీద నాకు కోపం లేదురా. ఫోన్ మోగినప్పుడల్లా చేతుల పట్టుకొని కూసుంట. ఎత్తితే ఏం చెప్పాలె, నువ్వు సచ్చిపొయినవని చెప్పాల్నా?”

అట్ల అన్నది. నీకు రాయమనలే, రాయొద్దనలే.

నేను చెప్పలేకపోయిన బావ. మాఫ్ చెయ్యి.

బెన్నీ


జైలు నుంచి,
19 డిసెంబర్ 2024

బెన్నీ,

నా కూతురికి తండ్రి లేడని మైకులో చెప్పారా? చప్పట్లు కొట్టారా?

ఇక నువ్వెవరికీ ఏమీ చెప్పకు. నేనే చెప్తా. క్రిస్మస్ రోజు వస్తా. సంఘం అంతా ఉన్నప్పుడే లేచి నిలబడి, నా పేరు ప్రభుదాస్, ఈమె నా భార్య, ఆ పాప నా కూతురు, ఇన్నాళ్లూ జైల్లో ఉన్నాను అని చెప్తా. గది తీసేసుకుంటే తీసేసుకోనీ. నేను డ్రైవర్ని, ఎక్కడైనా స్టీరింగ్ దొరుకుతుంది.

మీ అక్కకి చెప్పు. చెప్పకపోయినా సరే.

ప్రభుదాస్


గోపన్‌పల్లి,
20 డిసెంబర్ 2024

బావా,

నీ జవాబు ఇంక రాలే. కోపానికొచ్చినవేమో. అయినా రాస్తున్న, నువ్వు బైటికొచ్చే లోపల అందాలని.

రాత్రి కోకాపేటల క్యారల్స్‌కు పోయినం. నేను పగటిపూట బైటి నుంచి అద్దాలు కడిగే టవరే. సెక్యూరిటోడు నన్ను గుర్తుపట్టి “ఏంది, ఇయ్యాల లిఫ్టుల పోతున్నవ్” అని నవ్విండు. ఇరవై రెండో అంతస్తుల సంఘపోళ్లు, శ్రీలత ఆంటీ వాళ్లిల్లు. లోపల నుంచి చూస్తే ఆ అద్దాల మీద నేను వదిలిన మరకలు కనబడ్డయి. డోలకు మెల్లగ కొట్టుమన్నరు, పక్క ఫ్లాటోళ్లు కంప్లయింటు ఇస్తరంట. మెల్లగ కొట్టే డోలకు ఎట్లుంటదో నీకు తెల్సు కదా, తలుపు కొట్టినట్టుంటది.

పాటలైనంక కేకులు పెట్టిన్రు. శ్రీలత ఆంటీ అక్క పక్కన కూసొని చెయ్యి పట్టుకున్నది. “చిన్న వయసు తల్లీ. ఎప్పుడు పోయారమ్మా ఆయన?” అన్నది. అక్క ఆగుతదేమో, తడబడ్తదేమో అని నేను చూస్తున్న. ఆగలే. తారీఖు చెప్పింది. ఏ తారీఖో తెల్సా? నిన్ను పోలీసోళ్లు పట్టుకపోయిన రోజు.

“ఎలా జరిగిందమ్మా?”

“కారు యాక్సిడెంటండి.”

బావా, అక్క అబద్ధం చెప్తలేదు. అది నాకు ఆ కేకు ముక్క నోట్ల పెట్టుకున్నప్పుడు సమజైంది. అక్కకు నువ్వు ఆ రోజే పోయినవ్. ఆ రోడ్డు మీద ఇద్దరు పోయిన్రు.

ఇట్ల రాసినందుకు కొట్టకు. నువ్వు రావాలె. వస్తే నేను చర్చి గేటు కాడ ఉంట, బండ్లు పార్కింగు చేయించే డ్యూటీ నాదే. అక్క ఏమన్న అననీ, నువ్వు రావాలె.

నీ బామ్మర్ది


గోపన్‌పల్లి,
26 డిసెంబర్ 2024

బావా,

ఆటో ఎక్కుకుంట “చీరాల, మా అన్నయ్య ఇల్లు” అని ఒక్క మాట అన్నవ్. ఆ అడ్రసు అక్క పెండ్లి కార్డు మీద దొరికింది. నువ్వు ఫోన్ ఇంక కొనలే కదా, అందుకే మల్ల కాయితం.

నిన్నటిది నాకు నువ్వు చెప్పాలె. చూసింది నేను చెప్త.

గేటు కాడ నిన్ను గుర్తుపట్టలే నేను. ఎవరో సన్నటి మనిషి, తెల్ల చొక్కా, బండి లేదు. “బండి లేదా అన్నా, అయితే సీద లోపటికి పో” అన్న. “అలాగే బన్నిగా” అన్నవ్. అప్పుడు చూసిన. ఇగ అయిపోయింది ఇయ్యాల, అంత బైటపడ్తది అనుకున్న. భయం గూడ, సంతోషం గూడ.

వాక్యం అయినంక పాస్టరు గారు అడిగిండు, “మొదటిసారి మన మధ్యకి వచ్చినవారు లేచి నిలబడి మీ పేరు, ఊరు చెప్పండి” అని. మైకు నేనే తిప్పాలె. ఇద్దరు బీహారోళ్లు చెప్పిన్రు, ఒక నర్సమ్మ చెప్పింది. తర్వాత నువ్వు లేచినవ్. మైకు తెచ్చి నీ చేతుల పెట్టిన. అక్క ఆడోళ్ల దిక్కు మూడో వరుసల ఆ నీలం చీర కట్టుకొని కూసున్నది. నిన్ను చూసింది. పాటల పుస్తకం గుండెకు గట్టిగ పట్టుకున్నది.

నువ్వన్నవు: “నా పేరు మధుకర్ అండి. చీరాల నుంచి వచ్చానండి. పని మీద.”

అందరు సప్పట్లు కొట్టి స్వాగతం పాట పాడిన్రు. నేను మైకు పట్టుకొని ఆడనే నిలబడ్డ. అవినాష్ అన్న సైగ చేస్తుండు, మైకు తే, మైకు తే అని.

పింకీకి పూలిచ్చే డ్యూటీ. అట్ట రెక్కలతోనే ఉరికొచ్చి నీకు గులాబి ఇచ్చింది. “హ్యాపీ క్రిస్మస్ అంకుల్” అన్నది.

బావా, ఎందుకట్ల చేసినవ్? నా పేరు నేనే చెప్తనని ఇరవై మూడు నాడు నాకందిన ఉత్తరంల రాసినవ్ కదా. చదివి నేను రాత్రంత పండుకోలే. అక్కకు చదివి వినిపిచ్చిన. అది పొద్దున లేచి ఆ నీలం చీర ఇస్త్రీ చేసుకున్నది.

ఒకటి చెప్పాల్నా వద్దా అనుకుంటున్న. నువ్వు మధుకర్ అన్నప్పుడు అక్క ఊపిరి వదిలింది. నేను ఆమె దిక్కే చూస్తున్న కదా, నాకు కనబడ్డది.

బెన్నీ


చీరాల,
2 జనవరి 2025

బెన్నీ,

మీ అక్క ఊపిరి వదలడం నాకు కూడా కనబడింది.

ఒట్టేసి చెప్తున్నా, ప్రభుదాస్ అని చెప్పడానికే లేచాను. ఆటోలో దారంతా ఆ వాక్యం నాలుగు రకాలుగా అనుకుంటూ వచ్చాను. కానీ అంతకుముందు ఒకటి జరిగింది, నువ్వు గేటు దగ్గరున్నావు, నీకు తెలియదు. లోపలికొచ్చి వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డా. ఒకాయన, పెద్ద ఉద్యోగిలాగున్నాడు, పక్కకి జరిగి “రండి బ్రదర్, కూర్చోండి” అన్నాడు. తన పాటల పుస్తకం నాకిచ్చి, పేజీ తీసి చూపించి, తను చూడకుండా పాడాడు. అంతేరా. మూడేళ్ల తర్వాత ఒకడు నాకోసం పక్కకి జరిగాడు. నేనెవర్నో తెలియదు కాబట్టి జరిగాడు. తెలిస్తే ఇంకోవైపు జరిగేవాడు.

అప్పుడు మీ అక్క నాకర్థమైంది. అరగంట ఆ చోట్లో కూర్చున్న నాకే లేవబుద్ధి కాలేదు. ఆర్నెల్ల నుంచి కూర్చున్నదాన్ని నేను లేపాలా?

మైకు ఇచ్చావు. నోరు తెరిచాను. జైల్లో నా పక్కన పడుకునేవాడి పేరు వచ్చింది.

పింకీ అంకుల్ అంటే, థాంక్యూ అమ్మా అన్నాను. అంతకంటే ఏమీ అడగకు.

ఈ వారం రోజులూ అన్నయ్య వాళ్ల వరండాలో కూర్చుని ఒకటే ఆలోచిస్తున్నా. నవ్వకుండా విను. మధుకర్‌గానే వస్తా. మొదట ఒక ఆదివారం, తర్వాత ఇంకో ఆదివారం. గోపన్‌పల్లిలో ఎక్కడైనా గది తీసుకుని కారు నడుపుకుంటా, పొరపాటున కూడా తాగను. నీతో పాటు కుర్చీలు వేస్తా, మైకు సెట్టు మోస్తా. పింకీకి నేనేంటో మెల్లగా తెలుస్తుంది. ఏడాదో రెండేళ్లో పోయాక, సంఘం వాళ్లే చూసి, ఈయన మంచివాడు, ఈమెకి తోడు లేదు అని వాళ్లే అంటారు. అప్పుడు వాళ్ల ముందే మీ అక్కని మళ్లీ చేసుకుంటా. ఎవరి గదీ పోదు, ఎవరి బడీ పోదు.

పిచ్చి అనిపిస్తే చెప్పు. నాకింకేమీ తోచడం లేదు. మీ అక్కకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆమె ఊ అంటే, మర్నాడే బస్సెక్కుతా.

మీ బావ, లేకపోతే మధుకర్, మీకు ఏది వీలైతే అది


గోపన్‌పల్లి,
13 జనవరి 2025

బావా,

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. ఆ రాత్రే అక్కకు చదివిన. మధుకర్‌గనే వస్త అన్న కాడ మల్ల చదువు అన్నది. మల్ల చదివిన. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తుందనుకున్న, నవ్వుతున్నది బావ. “పెండ్లాన్ని రెండోసారి చేసుకుంటడంట, సిగ్గులేని మనిషి” అన్నది. నీ పెండ్లప్పుడు నేను చిన్నోణ్ని గని, అక్క మొఖం గిట్లనే ఉండె అప్పుడు, నాకు యాదికున్నది.

వారమంత ఊకె ఏదో ఒకటి అడుగుడే. సన్నగైండా? దగ్గుతున్నడా? నిన్న చర్చికి పోయే ముందర “ఇంటికొచ్చినంక రాయి, రమ్మని” అన్నది. నేను కవరు గూడ కొనిపెట్టుకున్న.

ఆరాధన అయినంక ఆడోళ్లందరు వెనక హాల్ల కూసున్నరు, క్రిస్మస్ సామాను సర్దుతున్నరు. నేను లైట్ల తీగలు చుడుతున్న. మార్తమ్మ గారు అక్కను పిలిచి పక్కన కూసోబెట్టుకున్నది.

“ప్రశాంతీ, తల్లిలాంటిదాన్ని, ఏమనుకోకు. క్రిస్మస్‌కి వచ్చాడే ఆ చీరాల అబ్బాయి, మధుకర్. పాప పువ్విస్తే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, నేను చూశాను. మంచివాడిలాగున్నాడమ్మా. ఒంటరివాడేమో. మీవాడు గేటు దగ్గర అతనితో మాట్లాడాడంటగా, కనుక్కోమంటావా? నీకు మాత్రం ఎన్నాళ్లని ఇలా?”

బావా, నా చేతుల తీగ ఆగిపోయింది. నువ్వు ఏడాది అన్నవ్, రెండేండ్లన్నవ్. మూడు వారాలు గూడ పట్టలే. ఊ అను అక్కా, ఊ అను అని లోపల మొక్కుతున్న. అందరు అక్క దిక్కే చూస్తున్నరు. శ్రీలత ఆంటీ, కళ్యాణి వదిన, ఆ ముసలోళ్లు.

అక్క తల దించుకున్నది. “వద్దమ్మగారూ. మా ఆయన్ని నేను మరిచిపోలేను” అన్నది.

అందరి కండ్లల్ల నీళ్లు. మార్తమ్మ గారు అక్క నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. “ఇలాంటి నమ్మకమైన బిడ్డను మాకిచ్చావు” అని. “ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తనమ్మా, నన్ను క్షమించు” అన్నది. రాత్రి ప్రార్థన కూడికల పాస్టరు గారు పేరు చెప్పకుండ మా సంఘంల ఒక సహోదరి ఉన్నది అని అక్క గురించి చెప్పిండు. ఎవరో అందరికి సమజైంది.

ఇంటికొచ్చి అడిగిన. అరిచిన బావ, పింకీ లేచేటట్టు అరిచిన. పొద్దున రమ్మని రాయమన్నవ్, మధ్యాహ్నం వద్దంటవా అని.

అక్క గోడకు ఆనుకొని కూసున్నది. “నేను ఊ అందామనే అనుకున్న బెన్నీ. అందరు చూస్తుంటే నోటికి అదే వచ్చింది. విధవరాలు గట్లనే అంటది కదా.”

“మల్ల పోయి చెప్పు. ఆలోచించుకున్న అని చెప్పు.”

“ఇందాక కూడికల పాస్టరు గారు చెప్పింది విన్నవ్ కదా. ఇప్పుడెట్ల చెప్త?”

తర్వాత ఏడ్చింది. నీ కోసమే ఏడ్చింది, అది నిజం. నేను ఏం చెయ్యాల్నో తెల్వక బైటికొచ్చి కూసున్న.

బస్సెక్కకు బావ. ప్రభుదాస్ అని వస్తే ఈ గది పోతది. మధుకర్ అని వస్తే మార్తమ్మ గారే గేటు కాడ నిన్ను ఆపి, ఆ పిల్ల మొగణ్ని మరిచిపోలేదు నాయనా, ఇంకోసారి రాకు అని మంచిగ చెప్పి పంపిస్తది. నీకు రెండు పేర్లున్నయి, రెండింటిల ఏ పేరుతోని గూడ నువ్వు ఇంటికి రాలేవు.

బెన్నీ